గుంటూరు: లేఅవుట్‌లో పార్కు స్థలం ఉంది, నడిచి వెళ్ళే దారి లేదు. ముందు ఏది చేయించుకోవాలి?

గోరంట్ల కాలనీ (ప్రశ్న)

ఇన్నర్ రింగ్ రోడ్డు దాటాక గోరంట్ల వైపు 5 ఎకరాల పాత లేఅవుట్. ముప్పావు వంతు ఇళ్ళు లేచాయి. మధ్యలో పార్కుకని వదిలిన స్థలంలో ప్రస్తుతం సర్కారు తుమ్మ, పగిలిన టైల్స్, ఎవరో తోలిపోసిన పాత ఇంటి మట్టి. ఈసారి కార్పొరేషన్ నిధులతో పార్కు పెట్టే మాట నడుస్తోంది. మీకేం కావాలో రాసివ్వమని వార్డు సచివాలయంలో అడిగారు.

నేల నల్లరేగడి. వానాకాలం చెప్పు ఊడిపోయేంత బంక, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు. కాలనీ నుంచి మెయిన్ రోడ్డు ఆటోస్టాండుకు 400 మీటర్లు. రోడ్డుకు రెండు పక్కలా డ్రెయిన్లున్నాయి. పలకలు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. ప్రతి ఇంటి ర్యాంపూ రోడ్డు మీదికి వచ్చేసింది. బడిపిల్లలూ ముసలివాళ్ళూ బళ్ళ మధ్యలోనే నడుస్తున్నారు.

కమిటీలో సగం మంది వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, ఫౌంటెన్ అంటున్నారు. మిగతా సగం ముందు ఫుట్‌పాత్ అంటున్నారు. రెండూ ఒకేసారి రావు. ఏం రాసివ్వాలి? ఈ నేల మీద ట్రాక్ నిలబడాలంటే ఎలా వేయించాలి?

పాత టౌన్ ప్లానింగ్

ఫౌంటెన్ సంగతి అలా ఉంచండి. అసలు ఆ స్థలం ఎంత, ఎవరి పేరున ఉంది?

లేఅవుట్ మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, స్థానిక సంస్థకు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. మీ 5 ఎకరాలంటే 500 సెంట్లు. అందులో 10 శాతం 50 సెంట్లు, అంటే 2,420 గజాలు. ఈ ఆదివారం ఇద్దరు 30 మీటర్ల టేపు తీసుకెళ్ళి నాలుగు పక్కలూ, ఒక మూల నుంచి ఎదురు మూలకూ కొలవండి. మూల కొలత లేకుండా పక్కలే కొలిస్తే వంకర స్థలంలో లెక్క తప్పుతుంది. 1,900 గజాలే వచ్చిందనుకోండి, మిగతా 500 ఎవరో ఒకరి ప్రహరీ లోపల ఉన్నట్టే. లేకపోతే లేఅవుట్ వేసినప్పుడే తక్కువ వదిలి ఉండాలి.

కాగితాలు మూడు కావాలి. ఎల్.పి. నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్, ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా). గుంటూరు చుట్టుపక్కల పట్టణాభివృద్ధి సంస్థ 1978 నుంచి 2014 దాకా వీజీటీఎం ఉడా, ఆ తర్వాత సీఆర్డీయే. కాబట్టి పాత ఫైలు ఆ దారిలోనే దొరకాలి. కార్పొరేషన్‌లో దొరకలేదంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. "పార్కు గురించి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా ఎల్.పి. నంబరు లేఅవుట్ ప్లాను, ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ ధ్రువీకృత నకళ్ళు" అని రాయాలి. ఫైలు స్వయంగా చూస్తామని కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు.

ఈసీలో 42/ఏ, 42/బీ లాంటి ప్లాటు నంబర్లు కనిపించి, ఆమోదిత ప్లానులో అవి లేకపోతే పార్కు ముక్క అమ్ముడైపోయిందని అనుమానించాలి. అలాంటిదేమీ లేకపోయినా, ఆ విస్తీర్ణాన్ని 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) చేర్పించమని కమిషనర్‌కు అర్జీ పెట్టండి. ఆ తర్వాత సర్వేయర్‌తో ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం హద్దు రాళ్ళు నాటించండి. రాళ్ళు పడకముందే పార్కు పని మొదలైందంటే, కాంట్రాక్టరు ఎక్కడ కంచె వేస్తే అదే హద్దు అయి కూర్చుంటుంది.

ఇంకో మాట. కబ్జాలో పోయేదానికన్నా మంచి పనుల పేరుతో పోయే పార్కు స్థలమే ఎక్కువ. ఒక మూల ఆర్వో ప్లాంటు, ఇంకో మూల వాటర్ ట్యాంకు, మరో మూల కమ్యూనిటీ హాలు. చివరికి మిగిలేది మధ్యలో చెత్తకుండీ. పార్కుకని చూపిన స్థలాన్ని వేరే పనికి మళ్ళించడం కుదరదని బెంగళూరులో ఒక నర్సింగ్‌హోమ్ కేటాయింపు విషయంలో సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. అది బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు. ఎవరైనా హాలు కడదామంటే ఆ తీర్పు పేరు చెప్పండి.

సైటు ఇంజనీరు

పైన ఆయన చెప్పిందే మొదటి పని. నేను మట్టి గురించి చెబుతా.

గుంటూరులో పార్కు టైల్స్ రెండో ఏడాదికే అలల్లా లేస్తున్నాయంటే అది టైలు తప్పు కాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బిద్ది, ఆరితే ముడుచుకుపోద్ది. మొత్తం ఒకేలా ఉబ్బితే నష్టం లేదు. ట్రాక్ అంచు తడిసి నడుమ పొడిగా ఉంటే అంచు లేచిద్ది, నడుమ కుంగిద్ది. పూలమొక్కల పాదులు ట్రాకుకి ఆనించి పెట్టి రోజూ పైపుతో నీళ్ళు కట్టడమే ఈ జబ్బుకి సగం కారణం.

వేసే పద్ధతి: 400 మిల్లీమీటర్ల లోతు నల్లమట్టి తీసెయ్యాలి. తీసిన మట్టి అక్కడే గుట్ట పోస్తే మళ్ళీ ట్రాక్ కిందికే చేరిద్ది, కాబట్టి బయటికి తోలించాలి. అడుగు మీద రోలర్ తిప్పి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. లేకపోతే మూడు వానల్లో గ్రావెల్ బంకలో కలిసిపోద్ది. దాని మీద ఎర్ర గ్రావెల్ 300 మి.మీ., 150 చొప్పున రెండు పొరలు. ఒక్కో పొరకీ తడి, ఒక్కో పొరకీ రోలర్. తడి ఎంతో తెలియాలంటే గ్రావెల్ పిడికిట్లో పట్టి నొక్కండి. ఉండ కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు రాకూడదు. మడమతో గట్టిగా పొడిస్తే గుంట పడిందంటే ఆ పొర ఇంకా కుదరలేదు. దిమ్మిసతో కొట్టిస్తామంటే ఒప్పుకోకండి, పైన అంగుళం గట్టిపడిద్ది అంతే.

దాని మీద కంకర, రాతిపొడి కలిపిన మిశ్రమం 100 మి.మీ., ఆపైన డస్ట్ (సన్న రాతిపొడి) 30, ఆపైన పేవర్ బ్లాకు 60. మొత్తం 490. తవ్వింది 400 కాబట్టి ట్రాక్ పక్క నేల కన్నా 90 మి.మీ. ఎత్తులో ఉండిద్ది, అదే కావాలి. వాలు 50కి 1, ఒక పక్కకే. నడవడానికే అయితే ఎం-30 (కాంక్రీటు బలం గ్రేడు), 50 మి.మీ. బ్లాకు చాలు. కానీ మొక్కలకని వాటర్ ట్యాంకరు ఎప్పుడో ఒకసారి ట్రాక్ ఎక్కక మానదు, అందుకే 60 మి.మీ., ఎం-35 రాయించమంటున్నా. నున్నగా మెరిసే రంగు టైలు వద్దు, మొదటి చినుక్కే జారిద్ది. రెండు అంచులా కెర్బు రాళ్ళకి వెనక కాంక్రీటు ఆనకట్ట ఉండాలి. అది లేకపోతే బ్లాకులు పక్కకి జరిగి సందులు పడతాయి.

లెక్క కూడా చెబుతా. 50 సెంట్లు అంటే సుమారు 40 × 50 మీటర్లు. కంచె నుంచి 2 మీటర్లు చెట్లకి వదిలి 1.8 మీటర్ల వెడల్పు ట్రాక్ వేస్తే చుట్టు 157 మీటర్లు వచ్చిద్ది. ఆరున్నర చుట్లకి కిలోమీటరు. ట్రాక్ విస్తీర్ణం 282 చదరపు మీటర్లు. గ్రావెల్ అణిగాక 85 ఘనపు మీటర్లు ఉండాలంటే వదులుగా 108 దాకా తోలాలి, అంటే 100 ఘనపుటడుగుల ట్రాక్టరు ట్రక్కులు 38. డస్ట్ 3 ట్రక్కులు. 38 రావాల్సిన చోట 15 ట్రక్కులే వచ్చాయంటే 300 మి.మీ. పొర 120 దగ్గర ఆగిపోయిందన్నమాట. గేటు దగ్గర కూర్చునే పెద్దమనిషికి ఒక నోటుపుస్తకం ఇచ్చి ట్రక్కులు లెక్క పెట్టమనండి. పైపొర కప్పేముందు మూడు చోట్ల టేపు పెట్టి ఫొటో తియ్యండి. ఎం-బుక్కులో (బిల్లు కోసం ఇంజనీరు కొలతలు రాసే పుస్తకం) కొలతలు ఎక్కాక వాదించి లాభం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇవన్నీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఎస్టిమేటు రాసేటప్పుడే చెప్పాలి. టెండరు పిలిచాక 100 మి.మీ. గ్రావెల్‌ని 300 చేయించడం ఎవరి వల్లా కాదు.

గోరంట్ల కాలనీ

చాలా వివరంగా చెప్పారు, థాంక్సండీ. మరి పేవర్లు లేకుండా మట్టి ట్రాక్ వేస్తే మోకాళ్ళకి మంచిదంటున్నారు, ఖర్చు కూడా తగ్గుతుంది కదా?

సైటు ఇంజనీరు

తగ్గిద్ది. కింద 300 గ్రావెల్ మాత్రం తప్పదు. పైన పేవరు బదులు సన్న రాతిపొడి 75 మి.మీ. తడిపి రోలర్ తిప్పితే నడవడానికి బాగుండిద్ది. ఏటా వానలయ్యాక ఒక ట్రక్కు డస్ట్ పరిచి చదును చేసేవాళ్ళుంటే అదే నయం. చేసేవాళ్ళు లేకపోతే రెండో ఏడాదికి గడ్డి, మూడో ఏడాదికి గుంటలు. వీల్‌చైర్, పిల్లల బండి దాని మీద కష్టం. గేటు నుంచి మొదటి బెంచీ దాకా పేవరు, చుట్టు ట్రాక్ డస్ట్, అలా కలిపి కూడా చేయించొచ్చు.

నడిచేవాళ్ళ పక్షం

ట్రాక్ మీద కిలోమీటరు నడవడానికి కారులో వచ్చే పార్కు ఎందుకండీ? కమిటీలో ఆ రెండో సగం అంటున్నదే సరైనది. పార్కుకి ఈ ఏడాది హద్దులు, కంచె, మట్టి, చెట్లు చాలు. ఉన్న డబ్బు ఆ 400 మీటర్ల మీద పెట్టించండి.

ఐఆర్‌సీ 103 అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ నిబంధనావళి ఉంది, పాదచారుల సౌకర్యాల కోసమే. అర్జీలో దాని పేరు రాయండి. నివాస ప్రాంతంలో అడ్డులేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల మీద 2.2 మీటర్ల ఖాళీ, ఫుట్‌పాత్ ఎత్తు 150 మి.మీ.కి మించకూడదు. ఈ మూడోదే అన్నిచోట్లా తప్పుతుంది. డ్రెయిను గోడ లేపుకుంటూ పోతే ఫుట్‌పాత్ అడుగున్నర ఎత్తవుతుంది. ఎక్కలేక జనం రోడ్డు మీదికి దిగుతారు. అప్పుడు "ఫుట్‌పాత్ ఉన్నా వాడరు" అని జనాన్నే అంటారు.

రెండు వైపులా ముక్కలు ముక్కలుగా వద్దు. ఒకే వైపు, మొత్తం 400 మీటర్లూ తెగకుండా అడగండి. మీ రోడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పడమర వైపు ఎంచుకోండి. సాయంత్రం నాలుగింటికి ఆ వైపు ఇళ్ళ నీడ ఫుట్‌పాత్ మీద పడుతుంది. గుంటూరు మే నెలలో అది చిన్న విషయమేం కాదు.

డ్రెయిను 600 మి.మీ. అయితే దాని పలకలూ ఫుట్‌పాత్‌లో భాగమే, పక్కన ఇంకో 1.2 మీటర్లు చాలు. పలకల దగ్గరే అసలు చిక్కు. అక్కడే కాంక్రీటు పోసి శాశ్వతంగా కప్పేస్తే అందంగానే ఉంటుంది. మూడు నెలలకి పూడిక తియ్యాల్సి వచ్చి పలుగుతో పగలగొడతారు, ఆ కన్నం ఇక ఎవరూ పూడ్చరు. విడిగా పోసిన పలకలు పెట్టించండి: 750 × 450, మందం 100 మి.మీ. ఒక్కోటి 85 కేజీల లోపు ఉంటుంది, రెండు కొక్కేల కన్నాలుంటే ఇద్దరు లేపగలరు. 400 మీటర్లకి దాదాపు 890 పలకలు. పది పదిహేను ఎక్కువ పోయించి పార్కులో ఒక మూల పేర్పించండి. ఒకటి విరిగితే ఆ రోజే మార్చొచ్చు.

ఇక ర్యాంపులు. కొట్టెయ్యమంటే గొడవే, ఏ కాలనీలోనూ అది తేలలేదు. ఫుట్‌పాత్ ఎత్తు 150 దగ్గర ఆపితే గొడవ చాలావరకు తగ్గుతుంది. నడిచే భాగం సమతలంగా సాగిపోవాలి, బండి ఎక్కే వాలు రోడ్డు అంచున ఉన్న కెర్బు భాగంలోనే ముగియాలి. ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు, ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాతే కిందికి దిగి పైకి లేస్తుంది. వీల్‌చైర్ దిగే చోట వాలు 12కి 1, అంటే 150 మి.మీ. ఎత్తుకి 1.8 మీటర్ల పొడవు. బైకులు ఎక్కకుండా బొల్లార్డులు (పొట్టి అడ్డు స్తంభాలు) పెడితే సందు 1.2 మీటర్లు. అంతకన్నా ఇరుకు చేస్తే బైకు ఆగదు గానీ వీల్‌చైర్ ఆగిపోతుంది. పార్కు గేటుకి తిరుగుడు గేటు పెట్టినా అంతే.

పార్కు ఎదురుగా రోడ్డు దాటే చోట ఫుట్‌పాత్ ఎత్తులోనే అడ్డంగా వేదికలాంటి క్రాసింగ్ అడగండి. కుదరకపోతే ఐఆర్‌సీ 99 ప్రకారం స్పీడ్ బ్రేకర్: ఎత్తు 100 మి.మీ., వెడల్పు 3.7 మీటర్లు. ఊళ్ళో వేసే అడుగున్నర వెడల్పు గుట్టలు బళ్ళ వేగం కన్నా నడుముల్నే ఎక్కువ విరుస్తాయి.

మూలమీద టిఫిన్ బండి ఉంటే దాన్ని లేపేయించడం పరిష్కారం కాదు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం వాళ్ళకీ హక్కుంది, ఇష్టమొచ్చినట్టు తరిమేయడానికి లేదు. ఆ చోట ఫుట్‌పాత్‌ని 3 మీటర్లు చేసి బండికి గీత గీయించండి. రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో దీపమూ మనిషీ ఉండేది అక్కడే. దివ్యాంగులతో సహా పాదచారులందరికీ ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీలో ఆ ఒక్క వాక్యం రాయండి, ఉపయోగపడుతుంది.

ఒక హెచ్చరిక: యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైనూ మంచినీటి పైపూ పడని వీధైతే అవి పడేదాకా ఫుట్‌పాత్ ఆపండి. ఏఈ గారిని రాతపూర్వకంగా అడగండి.

నర్సరీ

చెట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

నీడ కావాలంటే కానుగ, వేప, పొగడ, నేరేడు. కానుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి ఏప్రిల్‌కల్లా కొత్తాకుతో గుబురెక్కుతుంది. ఎండ ముదిరే వేళకి నీడ సిద్ధం. నేరేడు ట్రాక్ మీదికి వద్దు, పండ్లు రాలి జారుతుంది, మూలకి పెట్టండి. తురాయి పూలు బాగుంటాయి కానీ తుఫాను గాలికి కొమ్మ పుటుక్కున విరుగుతుంది, బెంచీ మీద రానివ్వకండి. బాదం పెద్దాకు డ్రెయిను జాలీకి మూత పడుతుంది. కోనోకార్పస్ ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు. వేళ్ళు పైపుల్లో దూరతాయి, గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. కరెంటు తీగల కింద గన్నేరు, నందివర్ధనం చాలు.

గుంట మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. నల్లమట్టిలో అంత గుంట తీసి ఎర్రమట్టి నింపితే వానకి అది నీళ్ళ తొట్టి అవుతుంది, వేళ్ళు కుళ్ళుతాయి. అందుకని తవ్విన నల్లమట్టి ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి ఒక వంతు వేసి, పైన కుప్పగా అరడుగు ఎత్తు ఉంచండి. అది దిగుతుంది. ఎరువు పచ్చిగా ఉంటే చెదలు పడతాయి. జూలై, ఆగస్టులో నాటండి, అక్టోబరు వానలకి వేరు పట్టేస్తుంది. 6 అడుగుల మొక్కే తీసుకోండి, రెండడుగులది మేకల పాలు. వరసలో కానుగకి కానుగకి 5 మీటర్లు. పడమర వైపు ముందు నాటండి.

మొదటి రెండు వేసవులు మూడు రోజులకోసారి మొక్కకి 20 లీటర్లు. 30 మొక్కలకి 600 లీటర్లు, అంటే 1,000 లీటర్ల ట్యాంకు ఒకటి సరిపోతుంది. ఎవరు పోస్తారన్నది నాటే రోజే పేరుపేరునా రాసుకోండి. ఫుట్‌పాత్ మీద చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు వెయ్యనివ్వకండి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఢిల్లీలో అదే చెప్పింది.

ఇంకుడు గుంత తవ్వుతామంటే నల్లమట్టి పొర దాటి తవ్వమనండి. ఆ పొరలోనే ఆపితే అది దోమల గుంట.

పార్కు కమిటీ, లక్ష్మీపురం వైపు

నడిచేవాళ్ళ పక్షం వారితో సగమే ఏకీభవిస్తాను. పార్కుని చెట్లతో వదిలేస్తే మళ్ళీ తుమ్మ మొలుస్తుంది. జనం రోజూ అడుగుపెట్టాలి, అందుకు కనీసం దీపం, బెంచీ, పిల్లల మూల ఉండాలి.

దీపాలు 9 మీటర్ల వీధి స్తంభాలు వద్దు, రెండేళ్ళకి ఆకుల పైన వెలుగుతాయి, కింద చీకటి. నాలుగు, నాలుగున్నర మీటర్ల స్తంభం, 12 నుంచి 15 మీటర్ల దూరం. మీ 157 మీటర్ల చుట్టుకి 12 చాలు. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరిగా రాయించండి, వానకి తడిసిన స్తంభం పిల్లలు పట్టుకుంటారు. ప్రహరీ ఆరడుగులు కట్టించొద్దు. అడుగున్నర దిమ్మె మీద గ్రిల్ పెడితే లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదికి కనిపిస్తుంది.

ఉయ్యాల, జారుడుబల్ల కింద టైల్స్ వెయ్యకండి, 300 మి.మీ. ఇసుక పరవండి, చుట్టూ 1.8 మీటర్లు ఖాళీ. జారుడుబల్ల ముఖం ఉత్తరానికి. ఇనుప రేకుది పడమరకి పెడితే సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేరు. ఓపెన్ జిమ్‌లో ముందు పోయేవి బేరింగులు. అందుకని నాలుగు పరికరాలే పెట్టించి, మరమ్మతు బాధ్యత రెండేళ్ళు కాంట్రాక్టరు మీద రాయించండి.

మరుగుదొడ్డి రోజూ కడిగే మనిషి, నీళ్ళు ఖాయమైతేనే. లేకపోతే వద్దు. తాళం వేసిన దొడ్డి వెనక గోడే దొడ్డవుతుంది.

సొసైటీ రిజిస్టరు చేయించుకోండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఎవరివో కార్పొరేషన్‌తో ఒప్పందంలో తేల్చుకోకుండా తాళాలు తీసుకోకండి. పగలు 10 నుంచి 4 దాకా గేటు మూసే అలవాటు మాత్రం చెయ్యకండి. నీడ అవసరమైంది అప్పుడే.

గోరంట్ల కాలనీ

ఆదివారం టేపు పడుతున్నాం. సమాచార హక్కు దరఖాస్తు రాశాం. ఒక్క సందేహం మిగిలింది: స్థలం తూర్పు మూలన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంది. దాన్ని మార్పించొచ్చా?

సైటు ఇంజనీరు

మార్పించొచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళు డిపాజిట్ కంట్రిబ్యూషన్ పని కింద చేస్తారు, ఖర్చు అడిగినవాళ్ళే కట్టాలి. కార్పొరేషన్ ఎస్టిమేటులో ఆ పద్దు పెట్టమని ఇప్పుడే అడగండి. ఒప్పుకోకపోతే చుట్టూ జాలీ కంచె, తాళం అడగండి. పిల్లల ఆట మూల మాత్రం పడమరకి జరపండి. ట్రాక్ మలుపు కూడా ఆ దిమ్మెకి దూరంగా గీయించండి.